మా ఆదివారాల ఆట నడిపిన జిలానీ

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే బాపట్ల నుంచి కిరణ్ ఫోన్ చేశాడు.

"మన జిలానీ పోయాడ్రా."

"ఎక్కడికి?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. అవతల వాడు ఏడుస్తున్నాడని తెలిశాక కూడా నాకు అర్థం కాలేదు.

కొలకలూరు దగ్గర బైక్ మీద వస్తూ, అడ్డొచ్చిన ట్రాక్టర్‌ని తప్పించబోయి పడిపోయాడట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయిందట.

ముప్పై కూడా నిండలేదు వాడికి.

ఈ గ్రూపులో చాలామందికి జిలానీ తెలుసు. తెనాలిలో వాళ్ళ నాన్నగారి పరుపుల కొట్టు తెలుసు. కానీ ఆ కొట్టు మేడ మీద ఆదివారాలు మేం ఏం చేసేవాళ్ళమో ఎవరికీ తెలియదు. మా ఇళ్ళలో పేకాట అనుకునేవాళ్ళు.

అది వేరే ఆట.

ఒకడు కథ నడిపిస్తాడు, మాలో ఆ పని జిలానీది. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులు. ఒకడు కత్తివీరుడు, ఒకడు దొంగ, ఒకడు మంత్రగాడు. ఎవరి బలం ఎంతో, తెలివి ఎంతో ముందే నంబర్లు ఉంటాయి. మనం ఏం చేస్తామో చెప్పాలి. జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి.

బాపట్లలో చదువుకునేటప్పుడు ఒక సీనియర్ దగ్గర రూల్స్ పుస్తకం జిరాక్స్ తీయించుకున్నాం. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలి. గుంటూరంతా తిరిగినా దొరకలేదు.

జిలానీ నంబర్ల బిళ్ళలుండే హౌసీ ఆట కొని, అందులోంచి ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్ళలు ఏరాడు. వాళ్ళమ్మగారు చారల పరుపు గుడ్డతో చిన్న సంచి కుట్టిచ్చారు. సంచిలో చెయ్యి పెట్టి బిళ్ళ తియ్యడమే, ఎంత పెద్ద నంబరొస్తే అంత మంచిది. అదే మా పాచిక.

ఉద్యోగాలొచ్చాక కూడా ఆట మానలేదు. కిరణ్ బాపట్ల నుంచి, నేను రేపల్లె నుంచి, సాంబ నిజాంపట్నం నుంచి తెనాలి చేరేవాళ్ళం. కొత్త పరుపుల మీద కూర్చుని, మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క వేసుకుని ఆడేవాళ్ళం.

తెనాలి అంటే నాటకాలు కదా. మావాడికి మాత్రం ఆటలో యాక్టింగ్ అంటే పడదు. గొంతు మార్చి డైలాగ్ మొదలెడితే చాలు, "సీన్ తర్వాత చేద్దువుగాని, ముందు బిళ్ళ తియ్యి" అనేవాడు. వాడి సరదా అంతా లెక్కల్లోనే. చీకట్లో బాణం వేస్తే వచ్చిన నంబర్లోంచి ఎంత తగ్గాలి, తడి గోడ ఎక్కితే ఎంత తగ్గాలి, వీటి మీద గంటలు గంటలు వాదించేవాడు.

అదంతా వాడి పిచ్చి అనుకునేవాణ్ణి. ఒక ఆదివారం దాకా.

ఆ రోజు మా కజిన్ బెంగుళూరు నుంచి వచ్చి మాతో కూర్చున్నాడు. అక్కడ వాళ్ళు ఇదే ఆటని పాత్రలో లీనమై మాట్లాడుకుంటూ ఆడతారట.

మా సాంబకి నత్తి. చేపల వేలంలో వాళ్ళ నాన్న గొంతు రేవంతా వినిపిస్తుంది. వీడు మాత్రం కొత్తవాళ్ళ ముందు నోరు విప్పడు. అలాంటివాడు ఆటలో ఎంచుకున్న పాత్ర రాయబారి. మాటలతో రాజ్యాలు ఒప్పించేవాడు.

కథలో యుద్ధం ఆపాలి. సాంబ రాజు ముందుకి వెళ్ళాడు. "ఒ... ఒప్పిస్తాను" అన్నాడు.

మా కజిన్ నవ్వుతూనే, "అలా కాదు బ్రదర్, రాజుతో ఏం మాట్లాడతావో అది మాట్లాడు" అన్నాడు.

సాంబ తల దించుకున్నాడు. సంచి కింద పెట్టేశాడు.

జిలానీ ఆ సంచి తీసి మళ్ళీ సాంబ చేతిలో పెట్టాడు.

"కత్తి పట్టేవాడు ఇక్కడ నిజంగా కత్తి తిప్పి చూపించాలా అన్నా? అక్కర్లేదుగా. మరి వీడెందుకు మాట్లాడి చూపించాలి? వీడి రాయబారికి మాటల్లో పద్దెనిమిది ఉంది. రాజ్యంలో వాడి కంటే బాగా మాట్లాడేవాడు లేడు. నువ్వు తియ్యరా."

సాంబ తీశాడు. పదిహేడు.

రాజు సింహాసనం దిగి వచ్చాడని చెప్పాడు జిలానీ. సభలో ముసలి సేనాపతి కళ్ళు తుడుచుకున్నాడన్నాడు. ఎప్పుడూ కథ అంత వివరంగా చెప్పనివాడు, ఆ రోజు చాలాసేపు చెప్పాడు. సాంబ మొహం చూడాలి మీరు.

అలాగని ఎవరినీ గెలిపించేవాడు కాదు. నా కత్తివీరుణ్ణి ఎన్నో నెలలు పెంచుకున్నాను. వాడు ఒక వంతెన మీద చచ్చిపోతుంటే, ఇంకొక్క బిళ్ళ తియ్యనివ్వరా అని బతిమాలాను.

"ఇది మారిస్తే ఇన్నాళ్ళు గెలిచినవన్నీ ఉత్తవే అయిపోతాయిరా" అన్నాడు.

అలిగి వచ్చేశాను. మరుసటి ఆదివారం జిలానీయే పాసింజర్ ఎక్కి రేపల్లె వచ్చేశాడు, మా అమ్మ చేత దోసెలు వేయించుకు తిని, నా పక్కన కూర్చుని కొత్త వీరుణ్ణి తయారుచేయించాడు.

ఈ మధ్యాహ్నం మట్టి ఇచ్చి వచ్చాం.

తర్వాత కొట్టు ముందు బెంచీల మీద బంధువులంతా కూర్చున్నారు. మేం బాబాయ్ అని పిలిచే జిలానీ వాళ్ళ నాన్న మా దగ్గరకొచ్చి కూర్చున్నారు.

"ఆదివారం ఆదివారం పైన ఏం ఆడేవాళ్ళు నాన్నా మీరు? నేనెప్పుడూ అడగలా."



సాంబ చెప్పాడు.

అంతమంది కొత్తవాళ్ళ ముందు, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి చెప్పాడు. ఆట ఏంటో చెప్పాడు. రాజు దిగి రావడం చెప్పాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ మాట అందించలేదు. ఎవరూ లేవలేదు.

"అయితే మావాడు మిమ్మల్ని బాగా చూసుకున్నాడంటావా?" అన్నారు బాబాయ్.

"చా... చాలా బాగా బాబాయ్."

ఆయన సాంబ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

జిలానీ, ఇక విశ్రాంతి తీసుకోరా. అల్లా నిన్ను తన దగ్గర ప్రశాంతంగా ఉంచాలి. అమ్మకీ బాబాయ్‌కీ ఓర్చుకునే శక్తి ఇవ్వాలి.

వెళ్ళిరా, నేస్తం.