యాభై రెండు ఓకేలు, ఒక నాట్ ఓకే

ఒక పెద్దమనిషిని జీవితంలో మొట్టమొదటి సన్మానం చేస్తామని పిలిచి, మెడలో దండ వేయించి, ఆ దండతోనే నలుగురి ముందూ దొంగగా నిలబెట్టిన ఘనుణ్ణి నేను. చదివి మీరు ఉలిక్కిపడితే పడండి. నేనైతే ఇన్నేళ్ళ తర్వాత కూడా స్నానం చేస్తూ చేస్తూ ఆ ఆదివారం గుర్తొచ్చి చేతిలో చెంబు వదిలేస్తుంటాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. హోసూరులో బండ్ల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ పని. సరైన నమూనా ఎడమవైపు, కొత్తగా చేసిన ముక్క కుడివైపు పెట్టుకుని, ఒక్కో కొలతా పోల్చి చూసి, కాగితం మీద 'ఓకే' అనో 'నాట్ ఓకే' అనో రాయాలి. రోజూ ఎనిమిది గంటలు లోకంలో తప్పులు పట్టేవాడికి తనకు తెలియనిది లేదనే జబ్బు పట్టుకుంటుంది. నాకది కాస్త గట్టిగానే పట్టింది. ఎవరు నోరు తెరిచినా "నాకంతా తెలుసు" అని మూయించేవాణ్ణి.

మత్తూరులో మా రత్నమ్మత్త ఉంది. ఒకసారి వాళ్ళింటికి పోయినప్పుడు అటక మీద ఒక బైండు పుస్తకం దొరికింది. ఎప్పుడో ఒక వారపత్రికకు అనుబంధంగా వచ్చిన నవలను అత్త జాగ్రత్తగా విడదీసి, గోనె సూదితో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసుకుంది. ఆ రోజుల్లో చదివే అలవాటున్న ఆడవాళ్ళు చాలామంది ఇలాగే సొంత పుస్తకాలు చేసుకునేవాళ్ళు. మొదటి పేజీ లేదు. చివరి పేజీలో గోవిందస్వామి అని రచయిత పేరు, దాని కింద కృష్ణగిరి అని ఊరి పేరు మాత్రం ఉన్నాయి. పేజీల నెత్తిన నవల పేరుంది కానీ అది చెప్పను. ఆ పేరుకు నా వల్ల జరగాల్సిన మర్యాద ఇదివరకే జరిగిపోయింది.

కూర్చున్నచోటు కదలకుండా చదివేశాను. కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయాను.

"అత్తా, ఏం నవల ఇది! ఏడిపించేసినాదే!"

"సినిమా కూడా బాగుంటాదిరా. చూడు."

"ఏంటీ? దీన్ని సినిమా తీసినారా?"

"అయ్యో, అట్ల కాదురా. మొదట..."

"నాకంతా తెలుసులే అత్తా," అని ఫోను తీశాను.

సినిమా దొరికింది. పది నిమిషాలు చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. అదే కథ, అవే మాటలు. ఆఖరికి పేరు కూడా మార్చలేదు! మొదటికి తిప్పి పేర్లన్నీ చదివాను. జుట్టు దువ్వినవాళ్ళ పేరుంది, బట్టలు కుట్టినవాళ్ళ పేరుంది, గోవిందస్వామి పేరు లేదు. ఇంత పట్టపగటి దొంగతనం నేను ఎక్కడా చూడలేదు. ఆ కోపంలో అత్త ఇచ్చిన కాఫీ చల్లారబెట్టుకున్నాను.

హోసూరులో మాకొక తెలుగు పాఠకుల సంఘం ఉండేది. ముప్పై మందిమి ఆదివారాలు నారాయణప్ప గారి పాత్రల అంగడి మేడ మీద చేరేవాళ్ళం. ఆయనే మా సంఘానికి పెద్ద. తిరిగొచ్చిన రోజే ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"అన్నా, ఘోరం జరిగిపోయినాది. మన జిల్లా రచయిత కథను సినిమావోళ్ళు కొట్టేసినారు."

"శివశివా! ఆయప్ప ఉండాడా, పోయినాడా?"

"ఉండాడన్నా. విచారించినాను. తెలుగు మాష్టారుగా రిటైరై కృష్ణగిరిలోనే ఉండాడు."

"అయితే పిలువప్పా, సన్మానం చేద్దాము. ఆ దొంగల సంగతి ఈడనే బయటపెడదాము."

గోవిందస్వామి గారికి ఫోను చేశాను. నవల పేరు చెప్పాను.

"ఆ పుస్తకానికి సన్మానమా?" అన్నారాయన. "దాన్ని చదివినోడు ఇన్నేండ్లకు ఒకడు దొరికినాడా! నా భుజం మీదికి శాలువా అనేది రాలేదప్పా ఇంతవరకు. కానీ ఒక మాట ముందే చెప్పేస్తాను. అది నేను..."

"మీరేమీ చెప్పొద్దు సార్. నాకంతా తెలుసు."

"తెలిసే పిలుస్తా ఉండారా?"

"తెలిసే సార్."

"అయితే చాలా సంతోషమప్పా," అన్నారు ఆ మహానుభావుడు.

చూశారా, చెప్పబోయిన మనిషిని నేనే ఆపాను! అక్కడితో ఆగినా బాగుండేది. రెండు వారాలు కూర్చుని, మా ఫ్యాక్టరీ కాగితం పద్ధతిలోనే ఒక పట్టిక తయారుచేశాను. ఎడమవైపు నవల, కుడివైపు సినిమా. యాభై మూడు వరుసలు. యాభై రెండింట్లో ఓకే. అంటే యాభై రెండు దొంగతనాలు! ఒకే ఒక్క వరుసలో నాట్ ఓకే.

ఆ ఆదివారం పొద్దున పది గంటలకు గోవిందస్వామి గారు కృష్ణగిరి బస్సు దిగి వచ్చారు. మడతలు పోని కొత్త పంచె, చేతిలో గొడుగు. వెంట కూతురు. ఆమె ముందు వరుసలో కూర్చుని, బంధువులందరికీ పంపాలని ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టింది. మత్తూరు నుంచి మా అత్త కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. మేనల్లుడి ప్రసంగం కదా.

దండ వేశాం. శాలువా కప్పాం. నేను మైకు పట్టుకున్నాను.

"ఈ నవలలో శైలి చూడండి! ప్రతి ఇరవై పేజీలకూ నాయికా నాయకులు ఉన్నట్టుండి మంచుకొండల్లో ఉంటారు. పేజీ తిప్పితే మళ్ళీ ఊళ్ళో ఉంటారు. ఎట్ల పోయినారో, ఎట్ల వచ్చినారో రచయిత చెప్పడు. ఇది స్వప్నశైలి! సరిగ్గా నవల సగంలో నాయకుడు వెనక్కి తిరిగి అట్లనే కొయ్యబారి నిలబడిపోతాడు. ఆ నిలబడటంలో ఎంత తత్త్వం ఉంది!"

గోవిందస్వామి గారు శాలువా అంచుతో మొహం తుడుచుకున్నారు. ఆనందబాష్పాలనుకున్నాను.

"అటువంటి నవలను ఒక సినిమావాడు మాట మాటా ఎత్తుకుపోయినాడు!"

హాలంతా ఒక్కసారి అయ్యో అంది. ఆయన నా చొక్కా పట్టి లాగారు.

"వద్దప్పా... వద్దు..."

"చూడండి సార్ మంచితనం! దోచుకున్నోళ్ళను కూడా ఏమీ అనొద్దంటా ఉండాడు!" అని పట్టిక పైకెత్తి ఒక్కో వరుసా చదివాను. ప్రతి ఓకేకీ చప్పట్లు. యాభై రెండోది అయ్యేసరికి నారాయణప్ప గారు లేచి, రేపే లాయరు దగ్గరికి పోదామన్నారు.

అప్పుడు గోవిందస్వామి గారు మెల్లగా నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"అప్పా, ఎవురూ నా కథ ఎత్తుకపోలేదు. ముందు వచ్చింది సినిమానే. నేనే దాన్ని చూసి ఈ పుస్తకం రాసినాను."

వెనక వరుస నుంచి ఎవరో అడిగారు.

"అంటే కాపీ కొట్టింది సారేనా?"

సినిమావాణ్ణి పట్టివ్వడానికి నేను సిద్ధం చేసిన సాక్ష్యాలు యాభై రెండూ ఒక్క నిమిషంలో మొహం తిప్పి ఆయన మీదికే పోయాయి. వాటిని మైకులో చదివిందీ నేనే. కూతురి చేతిలో ఫోను కిందికి దిగిపోయింది. ఆ అమ్మాయి నావైపు చూసిన చూపుకు నేను ఆ స్టేజీ కిందికి దూరి పడుకుందామనుకున్నాను.

"దొంగతనం కాదప్పా," అన్నారు గోవిందస్వామి గారు. "దాన్ని వెండితెర నవల అంటారు. సినిమావోళ్ళు ఒప్పుకుంటేనే పత్రికవోళ్ళు రాయిస్తారు. కృష్ణగిరి టాకీసులో నాలుగు ఆటలు చూసి, ఆ చీకట్లోనే నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ మంచుకొండలు పాటలు. పాటను ఎట్ల రాసేది? కొండలు అని రాసి వదిలేసినాను. మధ్యలో వాడు కొయ్యబారిపోయింది ఇంటర్వెల్."

నా స్వప్నశైలీ తత్త్వమూ అలా నేలపాలయ్యాయి.

"వాళ్ళు ఒప్పుకున్నట్టు ఏమన్నా ఆధారముందా సార్?" అని నారాయణప్ప గారు నసుగుతూ అడిగారు.

"మొదటి పేజీలోనే అచ్చేసినారు కదప్పా."

అందరూ నా చేతిలోని పుస్తకం వైపు చూశారు. మొదటి పేజీ లేదు! గోవిందస్వామి గారు గబగబా అట్ట తిప్పి చూశారు. సరిగ్గా అప్పుడు మా అత్త చీర సర్దుకుంటూ లేచింది.

"ఆ పేజీ మా ఇంట్లో ఉంది."

"యాడ అత్తా?"

"బీరువా తలుపుకు లోపలి పక్క. దాని నిండా హీరో ఫోటో. అందుకని తీసి అంటించుకున్నాను."

వెంటనే మామకు ఫోను కలిపాను. కంగారులో ఫోనును మైకు పక్కన పెట్టేశాను. బీరువా కిర్రుమన్న చప్పుడు హాలందరికీ వినబడింది. ఆ తర్వాత మామ గొంతు.

"ఏమే రత్నమ్మా, ఎవుడే వీడు? నా చొక్కాల పక్కన ఎన్నాళ్ళుగా నిలబడి ఉండాడు?"

"ముప్పై ఏండ్లుగా," అంది అత్త తొణక్కుండా. "ఒక్కనాడన్నా మీ చొక్కా మీరు తీసుకోని ఉంటే కనబడి ఉండును కదా?"

హాలు విరగబడి నవ్వింది. రెండు నిమిషాలకు ఫోటో వచ్చింది. హీరో కాళ్ళ కింద, 'వెండితెర నవల, చిత్ర నిర్మాత అనుమతితో' అని స్పష్టంగా ఉంది.

"ఆ అక్షరాలు కత్తిరించేద్దామనుకున్నాను," అంది అత్త. "కత్తిరిస్తే ఆయప్ప చెప్పులు పోతాయని ఊరుకున్నాను."

ఆ చెప్పులకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. నారాయణప్ప గారు ఫోను చేతికి తీసుకుని వరుస వరుసకూ తిప్పి చూపించారు. కూతురు మళ్ళీ వీడియో మొదలుపెట్టింది. నేను గోవిందస్వామి గారి కాళ్ళ మీద పడ్డాను.

"లేప్పా. ఆ కాగితం ఇట్లియ్యి," అన్నారాయన. కళ్ళజోడు పెట్టుకుని ఓకేలన్నీ దాటుకుంటూ కిందికి పోయి, చివరి వరుస దగ్గర ఆగారు. అక్కడ నేను రాసింది ఇది: 'బస్టాండులో ముసలమ్మ సద్దిమూట విప్పే అధ్యాయం. సినిమాలో లేదు. నాట్ ఓకే. దొంగలకు అన్నిటికంటే మంచి భాగాన్ని ఎత్తుకుపోయే తెలివి లేదు.'

ఆయన ఆ వరుసను వేలితో తడుముకుంటూ రెండుసార్లు చదివారు.

"సినిమాలో ఆయమ్మ ఒక్క నిమిషం నిలబడి ఉంటాదప్పా, చేతిలో మూటతో. అంతలో బస్సు అడ్డమొస్తాది, మళ్ళా కనబడదు. నాలుగు ఆటల్లోనూ చూసినాను, ఆయమ్మ తినిందా లేదా అనేది ఎవురూ చెప్పలేదు. నాకు మనసు ఆగలేదు. అందుకే పన్నెండు పేజీలు రాసి, కూర్చోబెట్టి తినిపించినాను. పుస్తకమంతటిలో నాది అనేది అదొక్కటే."

మత్తూరులో ఆ రోజు నేను ఏడ్చింది సరిగ్గా ఆ పన్నెండు పేజీల దగ్గరే.

"ఈ కాగితం నేను తీసకపోతాను," అన్నారాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటూ. "శాలువాలు ఎవురైనా కప్పుతారు. నా పుస్తకానికి నాట్ ఓకే ఇచ్చింది నువ్వొక్కడివే."

అందుచేత, ఓ పాఠక మహాశయులారా, మత్తూరులోని మా అత్త బీరువా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మొదటి పేజీ లేని పుస్తకం గురించి ఈ జన్మలో మైకు ముందు నోరు విప్పను. ఎవరైనా 'అట్ల కాదురా' అని మొదలుపెడితే ముగించేదాకా వింటాను. 'నాకంతా తెలుసు' అనే మాట కలలో కూడా అనను. ఈ ప్రమాణాన్ని అత్తకు ఫోనులో చదివి వినిపిస్తే ఓపిగ్గా వింది.

"బాగుందిరా. ఆ బీరువా తాళంచెవి ఇప్పుడు మీ మామ మొలతాడులో ఉంది. రోజూ తన చొక్కా తానే తీసుకుంటా ఉండాడు. ఆ పుణ్యం మాత్రం నీదే."