అవ్వ కాల్చిన పాటలు

ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే నాకు మా అవ్వ పొయ్యి గుర్తొస్తుంది. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. నాకప్పుడు ఏడేళ్లు. ఇంట్లో నక్సలైట్ల దళం పాటల క్యాసెట్ దొరికిందని పక్కింటి కొమురన్నను పోలీసులు పట్టుకుపోయారు. పాట తప్పు పాడినందుకే అనుకున్నాను నేను. ఆ పొద్దున్నే అవ్వ మా క్యాసెట్లన్నీ పొయ్యిలో వేసింది.

"అవ్వా, గివి సిన్మా పాటలే!" అని ఏడ్చాను.

"వాళ్లు పాట ఇని కొడ్తరా బిడ్డా? మీ బాపును తీస్కపోతే నేనెట్ల బతకాలె?"

అప్పటి నుంచి అక్క కూనిరాగం తీసినా చేత్తో నోరు మూసేదాన్ని. కొమురన్న తిరిగి రాలేదు. ఇప్పుడు నా ఈడువాళ్లు అంత్యాక్షరి ఆడుతుంటే, ఆ ఏళ్ల పాట ఒక్కటీ నాకు రాదు. అవ్వ బాపును దక్కించుకుంది. కానీ మగ్గం మీద రోజంతా పాడుతూ నేసే బాపు చనిపోయేదాకా మళ్లీ పాడలేదు.