రోజుకో గంట నవల

రాసుకో తల్లీ. చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యలో సర్దకు.

మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు నేనొక వారపత్రికలో సీరియల్ చదివేదాన్ని. అప్పట్లో మేం ఆడవాళ్ళం చాలామందిమి చేసే పనే నేనూ చేశాను. వారం వారం ఆ పేజీలు చింపి దాచి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేశాను. సరిగ్గా చివరి వారాలు వచ్చేసరికి పురిటికి పుట్టింటికి వెళ్ళాను. మీ అమ్మను ఎత్తుకుని తిరిగొచ్చేలోపు మీ తాతయ్య ఆ పత్రికల్ని పాత పేపర్లవాడికి వేసేశారు. ఆ కథానాయిక ఇల్లు వదిలి వెళ్ళిందో లేదో నాకు తెలియనే లేదు. ఎవరినీ అడగలేదు కూడా. చెప్పేస్తే చదివినట్టవుతుందా?

ఆ కుట్టిన పుస్తకం నాతోపాటు అమెరికాకి, ఈ మోరిస్‌విల్‌కి వచ్చింది. ఇక్కడ మీరంతా వెళ్ళిపోయాక ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. నాకా కారు నడపడం రాదు, లైబ్రరీకి నడిచి వెళ్ళే దారి లేదు. అందుకని మీ అమ్మ నీ పాత ట్యాబ్ నాకిచ్చి, ఆ నవల మొత్తం అందులో కొనిపెట్టింది. ఎంత సంబరపడ్డానో. అక్షరాలు కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు. కానీ వేలు తగిలితే చాలు, పేజీ ఎగిరిపోతుంది. నా పుస్తకంలో ఎక్కడిదాకా వచ్చానో బొటనవేలికే తెలిసేది. ఏ పేజీ వెనక గుత్తి వంకాయ కూర చేసే విధానం సగం తెగి ఉందో కూడా గుర్తే. ఇందులో ఎంత చదివినా బరువు ఒకటే.

మొదటినుంచీ వరసగా, రోజూ కాసేపు చదివి కళ్ళు లాగుతుంటే ఆపేసేదాన్ని. మొన్న నా పుస్తకం ఆగిపోయిన చోటు దాటాను. ఇక ఆపలేకపోయాను. ఇంతలో తెర బూడిదరంగైపోయింది. నీ చిన్నప్పుడు రోజుకో గంట దాటితే ఆగిపోయేలా నీకు పెట్టిన తాళం, తీయడం మరిచిపోయారట. ఇంకాసేపు కావాలంటే పెద్దవాళ్ళని అడగమని ఇంగ్లీషులో రాసుంది. ఈ ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళెవరే? అయినా నొక్కాను. అది మీ అమ్మ ఫోన్‌కి వెళ్ళిందట. మీటింగ్‌లో ఉండి చూసుకోలేదు.

సాయంత్రం వస్తూనే అంది, "అలాగే ఉండనీలే అమ్మా. కంటి ఆపరేషన్ అయి ఎన్నాళ్ళయిందని? ఆ వెలుతురు మంచిది కాదు, రోజుకో గంట చాలు. నవల ఎక్కడికీ పోదుగా."

నవల పోదు. నేనూ ఎక్కడికీ పోను. ఆ చివరి వారాలు తను పుట్టినప్పుడే పోయాయని చెబుదామనుకున్నాను. దెప్పినట్టుంటుందని ఊరుకున్నాను.

"ఆ తాళం నంబర్ నాకు తెలుసు అమ్మమ్మా, చెప్పనా?"

చెప్పకు. చెప్తే మీ అమ్మ అది మార్చేస్తుంది, నీ ఫోన్‌కిచ్చిన గంట కూడా కోసేస్తుంది. ఇది కూడా రాశావా? సరే, ఉండనీ.

ఇక ఆపి, ఆ కుట్టిన పుస్తకం ఇటివ్వు. ఇవాళ్టి గంట పొద్దున్నే అయిపోయింది.