పసుపు పూసిన నంబరు

2019 ఎండకాలంలో నాకు నకిరేకల్ దగ్గర హైవే మీద డ్యూటీ. పొద్దున ఎనిమిదింటికి మా బండి నన్నూ, స్పీడ్ లేజర్ గన్‌నూ ఒక వేపచెట్టు కింద దింపి వెళ్లిపోయేది. సాయంత్రం వచ్చి ఎక్కించుకునేది. మధ్యలో నేను, మూడుకాళ్ల స్టాండు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. రోజంతా బండ్లు వస్తూనే ఉండేవి, ఒక్కటీ ఆగేది కాదు. పోలీసును చూసి స్పీడు తగ్గించేవాళ్లే గాని, ఆగి బాగున్నావా అని అడిగేవాళ్లు ఎవరుంటారు?

పిల్లల చదువుల కోసం నా కుటుంబం హైదరాబాదులో ఉండేది. నేను నకిరేకల్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడే అవసరమే వచ్చేది కాదు. ఒకసారి హోటల్లో టీ అడగబోతే గొంతు పెగల్లేదు. దగ్గి, మళ్లీ అడగాల్సి వచ్చింది.

లేజర్ గన్ పని కష్టమైనదేమీ కాదు. బండి మీద గురిపెట్టి మీట నొక్కితే, ఎంత వేగంతో వస్తుందో ఫొటోతో సహా పడుతుంది. ఫొటో చూసి నంబరును ట్యాబ్‌లో మేమే కొట్టేవాళ్లం. తర్వాత ఆఫీసు నుంచి బండి యజమాని ఫోనుకు ఈ-చలాన్, అంటే జరిమానా సందేశం, వెళ్లేది.

తప్పించుకోవడానికి జనం చేసే ప్రయత్నాలు చూస్తే నవ్వొచ్చేది. ఎదురుగా వచ్చే లారీవాళ్లు లైట్లు కొట్టి ముందే చెప్పుకునేవాళ్లు. అది ఈ రోడ్డు మర్యాద. కొందరు అద్దం దగ్గర డిటెక్టర్ పెట్టించుకునేవాళ్లు. కెమెరా తరంగాలు తగలగానే కూసే చిన్న పెట్టె అది. మా గన్ మీట నొక్కినప్పుడే పనిచేస్తుంది కాబట్టి, ఆ పెట్టె కూసేసరికి వాళ్ల ఫొటో నా దగ్గర ఉండేది. అన్నిటికంటే గట్టి ఉపాయం మాత్రం దేవుడి పేరు మీద జరిగేది. బండికి పూజ చేయించి నంబరు ప్లేటు మీద దండ వేలాడదీయడం, లేదా సరిగ్గా ఒక అంకె మీద పసుపు మెత్తడం. దాన్ని తుడవమని చెప్పడానికి ఏ పోలీసుకైనా నోరు రాదు.

ఏప్రిల్‌లో ఒక తెల్లకారు అట్లాగే దొరికింది. చివరి అంకె మీద పసుపు. మూడో ఎనిమిదో తెలియలేదు. అట్లాంటి ఫొటో చెరిపేయాలి, దాని మీద కేసు రాయకూడదు. కానీ ఆ రోజు కేసులు తక్కువగా ఉన్నాయి, తక్కువైతే ఆఫీసులో మాట పడాలి. ఎనిమిది అని కొట్టాను. ఆ నంబరు కూడా తెల్లకారుదే అని ట్యాబ్ చూపించింది. సరిపోయిందిలే అనుకున్నాను.

పది రోజుల తర్వాత ఒక ఆటో నా చెట్టు దగ్గర ఆగింది. నలభై ఏళ్ల ఆవిడ దిగింది. చేతిలో నెట్ సెంటర్‌లో తీయించిన చలాన్ కాగితం, దాని మీద కారు ఫొటో, ఈ చోటు పేరు.

"సార్, గీ ఫొటో మీరే తీసిండ్రంట గద?"

జరిమానా తగ్గించమని అడగడానికి వచ్చిందనుకుని, "కట్టాల్సిందే చెల్లె, నా చేతుల ఏం లేదు" అన్నాను.

"కడ్త సార్. గీ కారు నడిపేటాయన ఎట్లున్నడో చెప్పుండ్రి. బక్కగయిండా?"

ఆమె పేరు అండాలు. సూర్యాపేట వైపు తిరుమలగిరిలో ఉంటుంది. మగ్గం మీద బతికిన ఇల్లు. పని తగ్గాక భర్త పాత కారు కొని కిరాయికి తిప్పాడు. మగ్గం ఊరికే పడి ఉంది కదా అని ఆయన లేనప్పుడు ఆమె దాన్ని అమ్మేసింది. ఆయన వచ్చి, మగ్గం ఉండే గుంట ఖాళీగా ఉండటం చూశాడు. మర్నాడు పొద్దున కారు తీసుకుని పోయినవాడు మళ్లీ రాలేదు. ఏడాది దాటింది. కారు కాగితాల్లో ఆమె ఫోను నంబరు ఉండటం వల్ల చలాన్ ఆమెకు వచ్చింది.

"ఆయన బతికున్నడో లేడో తెల్వకుండె సార్. గిది వచ్చినంక తెలిసింది" అంది. ఫొటోలో అద్దం వెనక ఒక నల్లటి నీడ తప్ప ఏమీ లేదు. ఆమె ఆ నీడ మీద వేలు పెట్టి, "గీ భుజం ఆయనదే" అంది. తర్వాత అడిగింది: "కారు ఎటు పోతాంది సార్? హైదరాబాద్ దిక్కా, మా దిక్కా?"

ఆ క్షణాన నేను చెప్పాల్సింది ఒక్కటే. అంకె సరిగ్గా కనిపించలేదమ్మా, ఊహించి కొట్టాను అని. ఆమె ముఖం చూశాక నోరు రాలేదు. కారు సూర్యాపేట వైపు వెళ్తున్న మాట నిజం. "మీ దిక్కే" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా తమ్ముడు నల్లగొండకు రమ్మంటుండు సార్. బట్టల దుకాణంల పని జూసిండు. ఈ నెలల ఇల్లు ఖాళీ చేద్దామనుకున్న. ఇగ చెయ్య. ఆయనొచ్చి తాళం జూస్తే ఎన్కకు పోతడు." నా ఫోను నంబరు అడిగి రాసుకుని, అదే ఆటోలో వెళ్లిపోయింది.

మరునాటి నుంచి రోజూ పదింటికి ఫోను. "అన్నా, ఇయ్యాల కనవడ్డదా?" లేదు చెల్లె అనేవాణ్ని. "తిన్నవా మరి?" అని అడిగేది. ఎండ ఎక్కువుంది, నెత్తికి తువ్వాల కట్టుకో అనేది. తమ్ముడు చూసిన పనిలో వేరే మనిషిని పెట్టుకున్నారని కూడా ఒకరోజు మామూలుగా చెప్పింది. అయినా నేను అసలు సంగతి చెప్పలేదు. చెప్తే ఆమె గుండె పగులుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మూడు వారాలకు అదే తెల్లకారు, చివరి అంకె మీద అదే పసుపుతో, మళ్లీ వచ్చింది. ఆ రోజు మా బండి నాతోనే ఉంది. మా డ్రైవరు రోడ్డు మీదికి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. స్టీరింగు దగ్గర ముప్పై ఏళ్ల బొద్దు మనిషి. అద్దం దగ్గర డిటెక్టర్ ఉంది.

"ఏ ఊరు?"

"కోస్గి సార్. మిషన్ మొత్తుకున్నది, బిరాన బ్రేకేసిన. మీకెట్ల దొరికిన?"

"నువ్వు దొరికినంకనే అది మొత్తుకుంటది. నంబరు మీద పసుపేంది?"

"పూజ సార్. తుడువొద్దంటరు."

"ఎప్పటి పూజ?"

అతను నవ్వాడు. "దాచుడెందుకు సార్, ఈ మిషన్ మీద నమ్మకం లేక గది గూడ పూసిన. ఇప్పటిదాక ఒక్క చలాన్ రాలే."

"వచ్చింది, ఇంకొకళ్లకు" అన్నాను. సీసాలో నీళ్లు పోసి నా చేతిరుమాలుతో తుడిచాను. మూడు.

మర్నాడు సెలవు పెట్టి తిరుమలగిరి పోయాను. ఆమె గడపలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, నా వెనక వీధిలోకి చూసింది. ఎవరూ లేరు. లోపలికి పిలిచి నీళ్లిచ్చింది. నిలబడే అంతా చెప్పాను. మూడు, ఎనిమిది, పసుపు, కోస్గి మనిషి. ఆమె చివరిదాకా విన్నది.

"అయితే గా కారు మాది కాదు."

"కాదు చెల్లె."

"నంబరు కొట్టిన్నాడు నీకు తెల్వదా అన్నా?"

"అనుమానముండె."

"నేనొచ్చిన్నాడు?"

"అప్పుడు గూడ ఉండె."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చేతిలోని నీళ్ల గ్లాసు తీసుకుని, "ఆనాడే చెప్తే ఆనాడే ఏడ్సి ఊకుందు. గిన్ని దినాలు ఇద్దరికి వండిన" అంది.

చలాన్ నేనే రద్దు చేయించాను. నెలాఖరుకు ఆమె ఇల్లు ఖాళీ చేసి నల్లగొండ పోయిందని తర్వాత తెలిసింది. భర్త సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, అంకె కనబడకపోతే ఫొటో చెరిపేసేవాణ్ని. కేసులు తగ్గాయని ఎవరేమన్నా పడ్డాను. కొత్తగా వచ్చినవాళ్లకు, తెలియకపోతే తెలియదని రాయండి అని చెప్పాను. పని విషయంలో ఆ కేసు నేర్పింది అదే. ఇంకొకటి ఒప్పుకోవడానికి మాత్రం రిటైరయ్యేదాకా పట్టింది. ఆమె గుండె పగులుతుందని కాదు నేను చెప్పకుండా ఉన్నది. చెప్తే, తిన్నవా అని అడిగే మనిషి ఉండదని.