పడవ చెక్కలో సందులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, మనకు తెలిసింది గట్టిగా చెప్పేస్తే ఎదుటివాళ్లకు తెలిసిపోతుందనే ధైర్యం ఒకటి ఉంటుంది. నాకది కాస్త ఎక్కువే ఉండేది. నాయుడుపేట దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టి, పంటకాలువ దాటాలన్నా మా అన్న భుజం పట్టుకునే నన్ను తీసుకెళ్లి పులికాట్ ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల ఊరి బడిలో వేశారు. చుట్టూ నీళ్లే. (బడి కిటికీ తీస్తే నీళ్లు, మూస్తే ఎండుచేపల వాసన.)

మూడో తరగతి పిల్లలకు ఆ రోజు కణాల గురించి చెప్పాను. బల్ల, గోడ, నీళ్లు, మనం, అన్నీ కంటికి కనబడనంత చిన్న కణాలేనన్నాను. నోటితో చెబితే చాలదనిపించి అందరినీ ఇసుకలోకి తీసుకెళ్లి, ఆనుకుని నిలబడితే రాయి, కొంచెం ఎడంగా కదిలితే నీళ్లు, ఇష్టమొచ్చినట్టు పరుగెత్తితే గాలి అని ఆట పెట్టాను. రాయి బాగా కుదిరింది, నీళ్లూ ఫర్వాలేదు. గాలి అనగానే పరుగెత్తిన సగం తరగతి మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా తిరిగి రాలేదు. (గాలి గుణమే అది కాబట్టి తప్పు పట్టడానికి లేదు.) మిగిలినవాళ్లకు పాఠం ముగిస్తూ, ఎంత గట్టి వస్తువులోనైనా కణాల మధ్య సందులుంటాయన్నాను.

"చెక్కలో గూడానా టీచర్?" అని అడిగింది బుడ్డి. కూర్చున్నా నిలబడినా ఒకే ఎత్తు కనబడే పిల్ల కాబట్టి ఊరంతా దాన్ని అలాగే పిలిచేది.

"చెక్కలో కూడా," అన్నాను, ఎంత మంచి ప్రశ్న వచ్చిందోనని పొంగిపోతూ.

మర్నాడు పొద్దున్నే బుడ్డి వాళ్ల నాయన బడికి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ, "మేడం, మా పిల్లకు ఏం చెప్పినారు?" అన్నాడు.

"ఏమైంది అన్నా?"

"పడవ చెక్కలో సందులుండాయంట. నీళ్లొచ్చి నేను మునిగిపోతానంట. తెల్లారినప్పటి నుంచి తాడు పట్టుకోని వదల్లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మీరు చెప్తే వింటాది."

కోపపడినా బాగుండేది. వల ఒడ్డునే పడి ఉంది, ఆ రోజు వేట పోయింది, మనిషి మాత్రం నన్ను బతిమాలుతున్నాడు. వెళ్లి చూస్తే బుడ్డి పడవ తాడు మణికట్టుకు చుట్టుకుని తడి ఇసుకలో కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, ఆ సందులు నీళ్లు దూరలేనంత చిన్నవని చెప్పాను.

"నువ్వు చూసినావా టీచర్?"

"లేదు. అవి కనబడవు."

"మరి ఎట్ట తెలుసు?"

పుస్తకంలో ఉందన్నాను. చెబుతుంటే నాకే ఆ మాట పలచగా వినబడింది. బుడ్డి కాసేపు నా మొహం చూసి, "అయితే నువ్వెక్కు," అంది.

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎక్కాను. నా వెనకే బుడ్డీ ఎక్కింది. వాళ్ల నాయన గెడతో పడవను నెట్టగానే, నిన్న తరగతిలో నేను చెప్పిన సందులన్నీ నా కాళ్ల కిందే ఉన్నట్టనిపించి కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"కళ్లు తెరువు టీచర్," అంది బుడ్డి. "ఈడ లోతు లేదు. పడినా నీకు మోకాళ్ల దాకానే."

తెరిచి చూస్తే అది వంగి, పడవ అడుగంతా అరచేత్తో తడిమి చూస్తోంది. ఒక్క చెక్కనూ వదల్లేదు. చివరికి చెయ్యి గౌనుకు తుడుచుకుని, "మన కాళ్ల తడే నాయనా. రేపు నువ్వు పో," అంది. ఆయన గెడ ఆపి, మొహం అటు తిప్పుకున్నాడు.

ఇప్పుడు సూళ్లూరుపేటలో పెద్ద తరగతులకు అదే పాఠం, గోడ మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసి మరీ చెబుతున్నాను. సందులుంటాయి అన్నాక ఒక్క క్షణం ఆగి మొహాలు చూస్తాను. అందరూ తల వంచుకుని రాసుకుంటూ ఉంటారు. పరీక్షకు వస్తుందా అని ఎవరో ఒకరు అడుగుతారు. వస్తుందంటాను. నా మాటను అంతగా నమ్మి భయపడినవాళ్లు మళ్లీ తగల్లేదు. పుస్తకాన్ని నమ్ముకుని, కళ్లు మూసుకుని పడవెక్కిన ఆ కొత్త టీచరమ్మ ఎక్కడైనా ఎదురైతే పాఠం మార్చమని చెప్పను. ఈత నేర్చుకోమ్మా అని మాత్రం అంటాను. (నేనింకా నేర్చుకోలేదు.)