నాయన అంబాసిడర్‌కు కొత్త ఇంజిను

నాయన నడిపిన పాత అంబాసిడర్‌కు మా తమ్ముడు రవి టర్బో ఇంజిను, కొత్త డిస్క్ బ్రేకులు వేయించాడు. ఈ రోజు మొదటిసారి అమ్మనూ నన్నూ ఎక్కించుకుని బోరంచ నల్లపోచమ్మ గుడికి బయలుదేరాడు.

నారాయణఖేడ్ దాటగానే యాక్సిలరేటర్ తొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. పాత తలుపులు గడగడ కొట్టుకుంటున్నాయి. "జర మెల్లగ పోరా" అని నేనెంత మొత్తుకున్నా వాడు వినలేదు. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా బర్రె కనిపించింది. వాడు బ్రేకు వేశాడు. నా నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. కారు బర్రెకు మూరెడు దూరంలో ఆగింది. అది కదలకుండా మమ్మల్నే చూస్తూ నెమరువేసింది.

"పరేషాన్ కాకమ్మా, బ్రేకులు కొత్తయే" అన్నాడు రవి.

"కొత్తయే గని, గా సంగతి బర్రెకేమెరుకరా?" అంది అమ్మ.

ఆ తర్వాత సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. ఇంటికి రాగానే అమ్మ తాళంచెవి లాక్కుని కొంగుకు ముడేసుకుంది. రేపు దోస్తులతో హైదరాబాద్ పోవాలట, అమ్మను ఒప్పించమని రవి నా వెంట పడుతున్నాడు. నేనైతే బర్రె పక్షం. మీరెవరి పక్షం?