గోతులాయన మోకాలి లోతు

ఆయన ఎక్కడికెళ్లినా ముందు ఒక గొయ్యి తవ్వేవాడు. కూర్చోమంటే కూర్చోడు, మంచినీళ్లిస్తే తాగడు. సంచిలోంచి పొట్టి పలుగు తీసి, పెరట్లో మోకాలి లోతు తవ్వి, అడుగుమట్టిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, అప్పుడు "బాగున్నారా?" అనేవాడు.

భూసార పరీక్ష ఆఫీసులో ముప్పై ఏళ్లు చేశాడు. ఆయన రిటైరయ్యాడుగానీ పలుగు కాలేదు. ఊరంతా గోతులాయన అనేది. చెల్లెలు కుట్టుకొట్టు తెరిచిన రోజు గుమ్మం ముందే తవ్వాడు. మొదటి బేరం కాస్తా గుడ్డలతో సహా అందులో పడింది.

"ఏంటన్నయ్యా ఇది?"

"మోకాలి లోతు చూడందే నేను దేన్నీ నమ్మనమ్మా."

ఆ కొట్టు మూతపడి, ఇద్దరు పిల్లలతో ఆవిడకి దిక్కుతోచని ఏడాదే నాన్న పొలం పంపకానికొచ్చింది. అందులో వచ్చే ముక్క తప్ప ఆవిడకింకో ఆధారం లేదు. ఎప్పుడో నిప్పులు కక్కి ఇప్పుడు గురకపెట్టి నిద్రపోతున్న కొండ నుంచి ఏటిదాకా వాలుగా దిగే నేల అది. పైముక్క, మధ్యముక్క, ఏటి ఒడ్డు. తోబుట్టువులూ ముగ్గురే.

పంపకానికి ముందు వారమంతా పెద్దాయన ఇరవై ఏడు గోతులు తవ్వాడు. తమ్ముడు రెండింట్లో పడ్డాడు. మూడోదాన్ని తప్పించుకోబోయి మళ్లీ రెండోదాంట్లోనే పడ్డాడు.

పంపకం రోజు వాడు కుంటుకుంటూ వచ్చి, "ఏటి ఒడ్డు నాది. వరి వేస్తా. ఇంకో మాట లేదు" అన్నాడు.

పైముక్క పక్కనే రోడ్డుంది, చిన్న గదీ ఉంది. చెల్లెలు దానికోసం నోరు విప్పేలోగా అన్నయ్య లేచాడు.

"పైది నాది! పెద్దవాణ్ణి, పైనే ఉండాలి."

"నన్నొక్క మాటైనా అడగవేం అన్నయ్యా?"

"అడుగుతూ కూర్చుంటే పొద్దుపోతుంది. నాకింకా తవ్వుకునే పనుంది."

మిగిలిన మధ్యముక్క తీసుకుని ఆవిడ ఇంటికెళ్లి బావురుమంది. అన్నయ్యకి ఆ పలుగు తప్ప అయినవాళ్లెవరూ కనబడరని పిల్లలతో చెప్పుకుని మరీ ఏడ్చింది. ఆ కోపంతోనే బంగాళాదుంపలు వేసింది.

దుంపలు విరగకాశాయి. ఇంట్లో గోనెసంచులు చాలక అన్నయ్య ఇంటికెళ్లింది. ఆయన లేడు, మామూలే. కొట్టుగదిలో సంచులకోసం వెతుకుతుంటే మూడు మట్టిపొట్లాలు దొరికాయి. మూడింటికీ చీటీలు. వాటిమీద తేదీ పంపకానికి నాలుగు రోజుల ముందుది.

"ఒడ్డు: పైనుంచి కొట్టుకొచ్చిన బంకమన్ను. నీళ్లు నిలుస్తాయి. వరికి భేష్. తమ్ముడికి."

"మధ్య: నడుంలోతు మెత్తటి నల్లమట్టి, కొండ కక్కిన పాత బూడిదే. తడి పట్టి ఉంచుతుంది, మడుగు కట్టనివ్వదు. దుంపలకి బంగారం. చెల్లాయికి."

"పైన: జానెడు మట్టి, కిందంతా చిల్లుల రాళ్లు. నీళ్లు పోస్తే జల్లెడ. దేనికీ పనికిరాదు. నాకు."

ఆవిడ గంపెడు దుంపలు నెత్తిన పెట్టుకుని పైముక్కకి ఎక్కింది. అన్నయ్య గోతిలో నడుందాకా ఉన్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"చెబితే వాడు మధ్యదే కావాలనేవాడు. నువ్వు పోనీలే తీసుకో అనేదానివి. నిన్ను నేనెరగనా?"

"మరి నీ సంగతి?"

"నాకేం, పింఛనొస్తోంది. ఈ రాళ్లల్లో తవ్వుతుంటే ఎంత కాలక్షేపమో!"

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గంప దించి ఆయన ముందు పెట్టింది. ఆయన గోతిలోంచి పైకొచ్చి, చొక్కా చెయ్యి మడిచి, గంపలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు.

"అన్నయ్యా! నా దుంపల్నీ నమ్మవా?"

ఆయన అట్టడుగునున్న దుంప ఒకటి పైకి లాగి, గోటితో గీరి, వాసన చూసి, తృప్తిగా తలాడించాడు.

"బాగున్నావా అమ్మా?" అన్నాడు అప్పుడు.